గోనె సంచిలోని కుక్క



ఈ మధ్య ఒక గృహకూటం ముగిసిన తరువాత నాగాలాండ్‌లో కుక్క మాంసం తింటారన్న మాట వచ్చింది. "వాళ్లేం క్రైస్తవులండీ అయ్యగారూ!" అని ఒక సహోదరుడు నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. మనలో చాలమంది తాతలను కంచంలోని మాంసం చూపించే కదా ఊరి వెలుపల ఉంచారు?

అక్కడ అత్యధికులు క్రైస్తవులే, అందులోను బాప్టిస్టు సంఘాలవారు ఎక్కువ. కుక్క మాంసం వారి పాత అలవాటు, మందుగా కూడ తింటారు. మమ్మును బాధించింది తిండి కాదు, సంచి. 2020లో దీమాపూర్ సంత ఫొటోలు బయటకు వచ్చాయి. మూతులు బిగించి, గోనె సంచులలో కట్టిన కుక్కలు, తలలు మాత్రమే బయటికి. జంతు సంరక్షణ సంఘాలు గట్టిగా అడుగగా ఆ జూలైలోనే ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని నిషేధించింది. వ్యాపారులు కోర్టుకెక్కారు. శాసనసభ చట్టం చేయకుండ ఉత్తర్వుతో ఆపడం చెల్లదని 2023 జూన్‌లో గౌహతి హైకోర్టు కోహిమా బెంచి కొట్టివేసింది.

మిజోరం కూడ క్రైస్తవ రాష్ట్రమే. అక్కడ 2020 మార్చిలో శాసనసభే చట్టం సవరించి, వధింపదగిన జంతువులలోనుండి కుక్కను తీసివేసింది. తమ సంగతి తామే తేల్చుకొన్న ఆ పద్ధతి మాకు నచ్చింది.

ఇదంతా చెప్పగా సహోదరుడు కొంతసేపు ఊరకున్నాడు. "మరి మన కోళ్లను కాళ్లు కట్టి, సైకిలుకు తలక్రిందులుగా వ్రేలాడదీసి సంతకు తీసుకుపోతాం గదండీ?" అన్నాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. పోయిన క్రిస్మసుకు మా ఇంటికి వచ్చిన కోడి కూడ అలాగే వచ్చింది.