ఇంజన్ ఆయిల్ దగ్గరా కంజూసీ?

"సింథటిక్ ఆయిలా? అంతా కంపెనీవాళ్ల ధోకా మియా, మామూలు ఆయిల్ చాలు" అనే ఉస్తాద్‌లు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల తజుర్బాకు సలామ్. కానీ ఆ తజుర్బా పాత స్కూటర్లది, 100 సీసీ బండ్లది. వాటికి మినరల్ ఆయిల్ చాలు, నిజమే. టర్బో ఇంజన్ మామలా వేరు. నిప్పులాంటి పొగ తోస్తుంటే టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ సెగకు మినరల్ ఆయిల్ త్వరగా మాడి, మసిలా గట్టిపడి, సన్నని ఆయిల్ దారుల్ని మూసేస్తుంది. సింథటిక్ ఆ వేడిని ఎక్కువ కాలం బర్దాష్త్ చేస్తుంది.

ఖరీదైన డబ్బా కొని షాన్ కొట్టే నౌజవాన్లూ వినాలి. చాలా బైకుల్లో క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కార్ ఆయిల్ పోస్తే అది జారొచ్చు. అలాంటి బైక్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. సింథటిక్ పోశాం కదా అని మార్చే గడువు దాటించడం కూడా జహాలతే.

ఫైసలా చేయాల్సింది ఉస్తాదూ కాదు, దుకాణ్‌దారూ కాదు. బండితో వచ్చిన కితాబ్ తీసి చూడండి. గ్రేడూ, గడువూ అందులోనే ఉంటాయి. లక్షలు పోసి, కిస్తులు కడుతూ కొన్న బండికి కొన్ని వందల దగ్గర వెనకాడితే అది బచత్ కాదు భాయ్, బర్బాదీ!