రెండు రంగుల కేకు



మా పటేల్‌గూడ చుట్టుపక్కల అనేక కుటుంబాలకు పటాన్‌చెరు కంపెనీల జీతమే ఆధారం. మొన్నటి డిసెంబరులో మన సంఘంలో ఒకాయనకు కాంట్రాక్టు పని పోయింది. అదే వారం ఆయన పాప పుట్టినరోజు. బేకరీ కేకు కోసం ఆ తల్లి వడ్డీకి అప్పు చేయబోతున్నదని విని మా ఇల్లాలు, "అప్పెందుకమ్మా? నీ కుక్కర్లోనే చేద్దాం" అన్నది. పైన క్రీము అక్కరలేని జర్మను మార్బుల్ కేకు చేయాలనుకున్నారు.

జర్మనీ అనగానే అక్కడ పుట్టి 1842లో గుంటూరుకు వచ్చిన హెయ్యర్ గారు మనకు జ్ఞాపకం వస్తారు. ఆ దేశపు ఇళ్ళలో కాఫీతో తినే కేకు ఇది. తెల్లపిండిలో కోకో పిండి పాలరాతి చారలవలె నిలుస్తుంది గనుక ఆ పేరు.

వెన్న, పంచదార 150 గ్రాముల చొప్పున తీసుకొని నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. మూడు గుడ్లు ఒక్కొక్కటిగా చేర్చాలి. 200 గ్రాముల మైదా, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు జల్లించి, నాలుగు పెద్ద చెంచాల పాలతో కలపాలి. మూడవ వంతు పిండి వేరుచేసి, అందులో రెండేసి పెద్ద చెంచాల కోకో, పాలు కలపాలి. వెన్న రాసిన గిన్నెలో తెల్లపిండి, దానిపై నల్లపిండి వేసి, ఫోర్కుతో ఒక్కసారే చుట్టూ తిప్పాలి. కుక్కరు అడుగున ఉప్పు పరచి, స్టాండు పెట్టాలి. నీళ్ళు పోయకూడదు. గాస్కెట్టు, వెయిటు తీసివేయాలి. పది నిమిషాలు వేడిచేసి, గిన్నె దించి, మూతపెట్టి, సన్నని సెగమీద ముప్పావు గంట నుండి గంట ఉంచాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

మేము పక్కన నిలిచి, "సరిగా కలవలేదు, ఇంకా తిప్పండి" అన్నాము. కోసి చూస్తే చారలు లేవు. అంతా ఒకే మట్టిరంగు!

తండ్రి మాత్రం లోపలికి రాక అరుగుమీదనే కూర్చున్నాడు. "ఉత్తచేతులతో పాప ముందుకు ఎట్లా రావాలి, అయ్యగారూ?" అన్నాడు. చెప్పవలసిన బుద్ధిమాటలు మా నోటిదాకా వచ్చినవి. ఇంతలో పాప మొదటి ముక్క తెచ్చి, "నాన్నా, మనింట్లోనే చేసినం" అని ఆయన నోట పెట్టింది. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. మేము మాట్లాడలేదు. పిండినైనా, నొచ్చిన మనిషినైనా అవసరానికి మించి కదపరాదని ఆ సాయంత్రం నేర్చుకున్నాము.

ఆయనకు పని దొరకడానికి మరి రెండు నెలలు పట్టింది. అయితే ఆ ఇంట కేకు పేర అప్పు లేదు. మీరు చేసినప్పుడు ఒక్కసారే తిప్పండి.