మాజీ సైనికుల సర్వీసు రికార్డులు: తప్పును సరిదిద్దే దారి సులభం కావాలి

సైన్యం నుంచి విరమించే ప్రతి జవాను చేతికి ఒక చిన్న పుస్తకం అందుతుంది. దాన్నే డిశ్చార్జి బుక్కు అంటారు. సర్వీసు నంబరు, హోదా, చేరిన తేదీ, విరమించిన తేదీ, విరమణకు కారణం, కుటుంబ సభ్యుల వివరాలు అందులో నమోదై ఉంటాయి. ఆ జవాను జీవించినంత కాలం పింఛనుకు, వైద్య సదుపాయానికి, పునరుపాధికి అదే ఆధారం. ఆయన తదనంతరం భార్యకు అందవలసిన కుటుంబ పింఛనుకూ అదే మూలం. అందులో ఒక్క అక్షరమో, ఒక్క అంకెో తప్పుగా పడితే దాని ఫలితం మాత్రం దశాబ్దాల తరువాత, చాలా సందర్భాలలో ఆ జవాను కన్నుమూసిన తరువాత బయటపడుతుంది.

ఈ పత్రం ప్రాముఖ్యాన్ని చట్టం ఏనాడో గుర్తించింది. 1950 నాటి సైనిక చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, సర్వీసు ముగించుకుని వెళ్లే జేసీవోలకు, జవానులకు కమాండింగ్ అధికారి ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఏ అధికారి ఉత్తర్వుపై సర్వీసు ముగిసింది, ఎందుకు ముగిసింది, మొత్తం ఎంతకాలం పనిచేశారు అన్న మూడు విషయాలు అందులో ఉండాలి. అది ఇంగ్లీషుతో పాటు జవాను మాతృభాషలోనూ ఉండాలని చట్టం స్పష్టంగా చెబుతోంది. తన గురించి ఏమి రాశారో జవాను తానే చదివి, తప్పుంటే అప్పుడే చెప్పగలగాలన్నది ఈ నిబంధనలోని అంతరార్థం.

మరి తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలావరకు దురుద్దేశంతో జరిగినవి కావు. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత రాసుకోవడం తెలుగువారి అలవాటు. భర్తీ కేంద్రంలోని గుమాస్తాకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా, మరొక పత్రంలో పూర్తిగా కనిపిస్తుంది. ఇంట్లో సుబ్బమ్మగా పిలిచే ఇల్లాలు ఓటరు కార్డులో సుబ్బలక్ష్మి అవుతుంది. పెళ్లి, పిల్లల పుట్టుక వంటి వివరాలు యూనిట్ వెలువరించే పార్ట్-2 ఆర్డర్ల ద్వారా రికార్డులకు ఎక్కాలి. జవాను సెలవు నుంచి తిరిగి వెళ్లి ఆ సమాచారం ఇవ్వకపోయినా, ఇచ్చినది యూనిట్ బదిలీల నడుమ ఎక్కడో నిలిచిపోయినా, ఆ పెళ్లి సైన్యం దృష్టిలో జరగనట్టే.

కాగితాల కాలంలో ఈ తేడాలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. బ్యాంకు మేనేజరుకు మనిషి తెలుసు, ఊరికి కుటుంబం తెలుసు. రక్షణ పింఛన్ల చెల్లింపును ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ వ్యవస్థకు మార్చిన తరువాత పరిస్థితి మారింది. దేశంలో 30 లక్షలకు పైగా ఉన్న రక్షణ పింఛనుదారుల వివరాలను ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలతో సరిపోల్చడం మొదలైంది. మనిషి కళ్లు చూసీచూడనట్టు వదిలేసిన తేడాను యంత్రం వదలదు. పారదర్శకత దృష్ట్యా ఇది మంచి మార్పే. అయితే ఏనాటివో పొరపాట్ల భారం ఒక్కసారిగా వృద్ధుల మీద, వితంతువుల మీద పడింది.

నష్టం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చాలు. 80 ఏళ్లు నిండిన పింఛనుదారులకు, కుటుంబ పింఛనుదారులకు మూల పింఛనుపై 20 శాతం అదనంగా చెల్లిస్తారు. 85 ఏళ్లకు అది 30 శాతం, 90కి 40, 95కి 50, నూరేళ్లు నిండితే 100 శాతం. భర్త పాత పింఛను ఉత్తర్వులో భార్య పుట్టిన తేదీ లేకపోతే ఆమెకు 80 ఏళ్లు నిండాయని ఎవరు నిర్ధారించాలి? హక్కు ఉన్నా ఆధారం లేని స్థితి అది.

సవరణకు మార్గం లేకపోలేదు. ప్రమాణపత్రం, విద్యార్హత పత్రాలు, ఆధార్ వంటి ఆధారాలను, అవసరమైన చోట పత్రికా ప్రకటనను జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సంబంధిత రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పంపాలి. అక్కడ ఆమోదం లభిస్తే ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం సవరించిన ఉత్తర్వు ఇస్తుంది. చిక్కు ఏమిటంటే రికార్డు ఆఫీసులు రెజిమెంట్లను బట్టి ఉంటాయి, రాష్ట్రాలను బట్టి కాదు. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ల రికార్డులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీవి నాసిక్‌లో, మద్రాస్ రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం వంటి గ్రామంలో పక్కపక్క ఇళ్లవారే వేర్వేరు రాష్ట్రాలకు ఉత్తరాలు రాసుకోవలసి వస్తుంది.

పేరులో అక్షర దోషం ఒక ఎత్తు, పుట్టిన తేదీ మరొక ఎత్తు. భర్తీ సమయంలో నమోదైన తేదీని సర్వీసు చివరి దశలో మార్చడానికి న్యాయస్థానాలు సాధారణంగా అంగీకరించవు. ఇందుకు సైన్యాధిపతి హోదా సైతం మినహాయింపు కాలేదు. జనరల్ వి.కె.సింగ్ పుట్టిన సంవత్సరం సైన్యంలోని ఒక విభాగం రికార్డులలో 1951గా, మరొక విభాగం రికార్డులలో 1950గా ఉండేది. ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించి, 2012 ఫిబ్రవరిలో పిటిషనును ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది మే 31న పదవీ విరమణ చేశారు. సర్వోన్నత స్థానంలో ఉన్న వ్యక్తికే సాధ్యం కానిది సామాన్య సిపాయికి ఎంత కష్టమో ఊహించవచ్చు.

అన్నిటికన్నా క్లిష్టమైనది విరమణ కారణానికి సంబంధించిన నమోదు. అనారోగ్యంతో ఇంటికి పంపిన జవాను రికార్డులో ఆ జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని రాస్తే వైకల్య పింఛను అందదు. ఇది అక్షర దోషం కాదు, నిర్ణయంలోని దోషం. ఈ విషయంలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు మైలురాయి. చేరినప్పుడు జబ్బు ఉన్నట్టు నమోదు లేకపోతే, జవాను ఆరోగ్యవంతుడిగానే చేరాడని భావించాలని, కాదని నిరూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని ఆ తీర్పు స్పష్టం చేసింది.

రికార్డు ఆఫీసు కాదన్నప్పుడు మిగిలేది సాయుధ బలగాల ట్రైబ్యునల్. 2007 చట్టం ప్రకారం ఏర్పడి 2009లో పని ప్రారంభించిన ఈ ట్రైబ్యునల్‌లో తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించవచ్చు. పింఛను నిరాకరణ నెలనెలా కొనసాగే అన్యాయమని న్యాయస్థానాలు అంగీకరించినా, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలు సాధారణంగా మూడేళ్లకే పరిమితం. పైగా పింఛను లేకుండా వెళ్లినవారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తరువాత ధ్వంసం చేయడానికి నిబంధనలు అనుమతిస్తాయి. ఆపై మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టరులోని సంక్షిప్త వివరాలే. అంటే ఆలస్యమైన కొద్దీ బకాయి తరిగిపోతుంది, ఆధారమూ చెరిగిపోతుంది.

అమెరికాలో ఈ పనికే ప్రత్యేక మండళ్లు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధానంతరం, 1946 నాటి చట్టంతో ఈ ఏర్పాటుకు పునాది పడింది. పౌర సభ్యులతో కూడిన ఈ మండళ్లకు రికార్డులోని దోషాన్నే కాక అన్యాయాన్ని కూడా సరిదిద్దే అధికారం ఉంది. దరఖాస్తుకు మూడేళ్ల గడువు ఉన్నా, న్యాయం కోసం దాన్ని పక్కన పెట్టవచ్చు. మన దేశంలో అటువంటి మధ్యంతర వేదిక లేదు. ఒక వైపు గుమాస్తా బల్ల, మరొక వైపు న్యాయస్థానం. ఈ రెంటి మధ్య ఖాళీలోనే ఎక్కువమంది ఆగిపోతున్నారు.

రికార్డు ఆఫీసుల జాగ్రత్తకు కారణం ఉంది. కుటుంబ పింఛను కోసం తప్పుడు వారసులు పుట్టుకురావచ్చు, వయసు దిద్దుకునే ప్రయత్నాలు జరగవచ్చు. ప్రజాధనానికి కాపలా అవసరమే. కానీ పేరులో అక్షరం సరిచేయమన్న అభ్యర్థనను, పుట్టిన తేదీ మార్చమన్న అభ్యర్థనను ఒకే అనుమానంతో చూడనవసరం లేదు. అక్షర దోషాలకు నిర్ణీత గడువు, తిరస్కరిస్తే రాతపూర్వక కారణం, వివాదాస్పద అంశాలకు స్వతంత్ర పరిశీలన వేదిక, పాత పత్రాలను ధ్వంసం చేసే ముందు డిజిటల్ ప్రతి ఉండాలి. వీటిలో ఏదీ అసాధ్యం కాదు.

అంతవరకు కుటుంబాలు చేయగలిగిన పని ఒకటుంది. పింఛనుదారు జీవించి ఉండగానే డిశ్చార్జి బుక్కును, పింఛను ఉత్తర్వును, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి పేర్లు, తేదీలు సరిచూసుకోవాలి. నవంబరులో జీవన ధ్రువపత్రం ఇచ్చేటప్పుడే ఈ పనీ పూర్తిచేసుకోవచ్చు. సంతకం చేయగల మనిషి ఎదుట ఉన్నప్పుడు తేలికగా అయ్యే సవరణ, ఆయన లేనప్పుడు భార్యకు ఏళ్ల తరబడి పోరాటమవుతుంది. దేశం కోసం పనిచేసిన కాలాన్ని దేశం తన పుస్తకంలో సరిగ్గా రాసుకోవడం ఆ సేవకు దక్కవలసిన కనీస గౌరవం.