బీలనేల పలికిన మాట

వానకాలమున చెఱువువలె నిండి, ఎండలు ముదిరిన పిదపను పాదమునకు చెమ్మ తగులుచు, వరిచేలకు నీటిని, జాలరికి చేపను, పశువులకు పచ్చికను ఇచ్చునట్టి శ్రీకాకుళము జిల్లా సోంపేట బీలను, 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమునకు ఒప్పగించుటకై ప్రభుత్వ దస్త్రములు బంజరని వ్రాసికొనినవి. ఆ ఒక్క మాటలోనే అనర్థమంతయు ఇమిడియున్నది. ఏలయన బంజరునకు రైతు లేడు, బెస్త లేడు, అడుగదగినవాడెవ్వడును లేడు. 2010 జూలై 14న ఆ నేలకు అడ్డునిలిచిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా ఇరువురు అసువులు బాసిరి. ఆనాడే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ విద్యుత్కేంద్రపు పర్యావరణానుమతిని రద్దుచేసెను. ఆ తీర్పు ఒక్క దినము ముందు వచ్చియుండిన ఆ రెండిండ్ల దీపములు ఆరకుండెడివేమో! ఏడాది తిరుగకమునుపే, ఇట్టి మరొక విద్యుత్కేంద్రమునకై, ఆ జిల్లాలోని కాకరాపల్లి తంపరనేలలోను నెత్తురు చిందెను.

మేము విద్యుత్తునకు విరోధులము కాము. ఉత్తరాంధ్ర యువకులు పనికై వలసపోవుట మాకును బాధాకరమే. అయినను, స్థలనిర్ణయము ముగిసిన పిమ్మట జరుపు బహిరంగ విచారణ, పెండ్లి అయిన వెనుక వధువు సమ్మతి నడుగుటవంటిది. భూమిని కేటాయింపకమునుపే, పర్యావరణ ప్రభావ నివేదిక యొక్క తెలుగు ప్రతిని గ్రామస్థుల చేతికిచ్చి, ఆ యూరి రచ్చబండయొద్దనే విచారణ జరుపవలెను.