పామ్ మొక్కని అడుగుల లెక్కన కొనకండి, పిలకలు చూసి కొనండి

పైన పెట్టిన వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం, చూశాక ఇంకొంచెం వివరం కావాలన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఈ మధ్య ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు చాలామంది పొలంలో ఫామ్‌స్టేలు పెడుతున్నారు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి పాక వేస్తారు, దాని చుట్టూ మరుగుకి, అందానికి గుబురు పామ్‌లు పెట్టాలనుకుంటారు. మందులు కొట్టే పక్క చేనుకీ మన చేనుకీ మధ్య అడ్డు వరసలో కూడా కొందరు ఇవే పెడదామంటున్నారు. నాకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, ఆరడుగుల అరెకా పామ్ ఎంతకి వస్తది?"

ఆ ప్రశ్న దగ్గరే మనం నష్టపోతున్నాం అని నా అభిప్రాయం. ఎత్తుని బట్టి బేరం ఆడినంత కాలం నర్సరీవాళ్ళు ఎత్తునే పెంచి ఇస్తారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, అడిగిందే అమ్ముతారు. మారాల్సింది కొనే మనం.

ముందు దుబ్బు అంటే ఏంటో చూద్దాం

పామ్ జాతి చెట్లకి మామూలుగా కొమ్మలు రావు. కాండం చివర ఒకే ఒక్క మొవ్వు ఉంటుంది. మొవ్వు పోతే ఆ కాండం పోయినట్టే. కొబ్బరి, వక్క, రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్ ఇవన్నీ ఒంటి కాండం చెట్లు. ఇంకొన్ని రకాలు అరటిలాగా మొదట్లో పిలకలు వేసి దుబ్బు కడతాయి. అరెకా పామ్, మెకార్థర్ పామ్, రాపిస్, దుబ్బు ఫిష్‌టెయిల్, ఎర్ర పామ్ ఈ కోవలోవి.

దుబ్బు రకంతో రైతుకి ఒక మంచి లాభం ఉంది. కొమ్ము పురుగు ఒక మొవ్వు తినేసినా, గాలికి ఒక కాండం విరిగినా, మిగతావి నిలబడతాయి. పక్క నుంచి కొత్త పిలక వస్తుంది. అంటే దుబ్బు తనని తాను బాగుచేసుకుంటుంది. మనం డబ్బు పెడుతున్నది ఆ గుణానికి. ఎత్తుకి కాదు.

పేరు దగ్గర కూడా ఒక మాట. అరెకా పామ్ అని అమ్మేది వక్క చెట్టు కాదు. వక్కది ఒంటి కాండం. మనకి అరెకా పామ్ పేరుతో వచ్చేది మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన వేరే చెట్టు. మట్టల కాడలు పసుపు రంగులో ఉంటాయి, కాండం మీద వెదురులాగా గణుపు గుర్తులు కనిపిస్తాయి.

కవరులో కనిపించే గుబురు నిజం దుబ్బు కాదు

వీడియోలో నేను ఒక అరెకా పామ్ కవరు చింపి, మట్టి కడిగి చూపించాను. పైకి చూస్తే ఎంతో నిండుగా ఉంది. కడిగాక లెక్కపెడితే 17 మొక్కలు! ఒక్కొక్కటీ విడి గింజ నుంచి వచ్చిందే. ఒక్కదానికి కూడా పిలక లేదు. ఒకే కవరులో గుప్పెడు గింజలు వేసి పెంచితే ఏడాదికల్లా నిండుగా కనపడుతుంది, తొందరగా అమ్ముడుపోతుంది. ఇది దొంగతనం కాదు, నర్సరీల్లో మామూలు పద్ధతే. ఇంట్లో కుండీలో పెట్టుకునేవాళ్ళకి పర్లేదు. కానీ నేలలో పాతికేళ్ళు ఉండాల్సిన చెట్టుకి ఇది పనికిరాదు.

ఎందుకంటే, వరి నాటేటప్పుడు కుదురుకి పదిహేను మొక్కలు పెడితే ఏమవుద్దో మనకి తెలుసు. పిలకలు రావు. ఇక్కడా అంతే. పదిహేను మొక్కలు అదే మట్టి కోసం, అదే వెలుతురు కోసం కొట్టుకుంటాయి. కాండం లావెక్కదు, సన్నగా పైకి సాగుతుంది. మధ్యలో ఉన్నవి ఒక్కోటీ ఎండిపోతాయి. అప్పుడు మనం "బలం చాల్లేదు" అనుకుని ఎరువు వేస్తాం.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. నర్సరీలో కింద కూర్చుని మొదలు చూడండి. కాండాలన్నీ ఒకే లావు, ఒకే వయసు ఉండి, మట్టిలోంచి విడివిడిగా వస్తే అవి గింజ మొక్కల గుంపు. ఒకటి రెండు లావు కాండాలు ఉండి, వాటి మొదట్లోనే అంటుకుని చిన్నా పెద్దా పిలకలు వస్తుంటే అది నిజమైన దుబ్బు. నేనైతే రెండు మూడడుగుల ఎత్తే ఉన్నా, ఒక పిలక వేసిన మొక్కకే ఓటు వేస్తాను.

ఇంకొకటి. ఫాక్స్‌టెయిల్ లాంటి ఒంటి కాండం మొక్కలు మూడు కలిపి పెట్టి "ట్రిపుల్" అని అమ్ముతారు. చూడ్డానికి బాగుంటుంది, తప్పు లేదు. కాకపోతే దానికి ఎప్పటికీ పిలకలు రావు. ఒకటి పోతే రెండే మిగుల్తాయి. అది తెలిసి కొనాలి.

ఇప్పటికే ఇలాంటి గుంపు మొక్కలు కొని నాటినవాళ్ళు వాటిని పీకి విడదీయకండి, వేర్లు తెగి అన్నీ దెబ్బతింటాయి. బలంగా ఉన్న మూడో నాలుగో ఉంచి మిగతావి నేలమట్టానికి కోసేయండి. కోసిన మట్టలు అక్కడే ఆచ్ఛాదనగా వేయండి.

కవరుతో పాటు ఏమొస్తుందో ఆలోచించారా?

నా అసలు భయం ఇది. 2016లో తమిళనాడు పొల్లాచ్చి దగ్గర కొబ్బరి మీద రూగోస్ తెల్లదోమ మన దేశంలో మొదటిసారి కనిపించింది. అదే ఏడాది చివర్లో మన తూర్పు గోదావరి కడియం ప్రాంతంలో కూడా బయటపడింది. తర్వాత కొబ్బరి, పామాయిల్ తోటలు ఎంత అవస్థ పడ్డాయో గోదావరి జిల్లాల రైతులకి చెప్పక్కర్లేదు. ఈ దోమ తనంతట తాను ఎగిరేది కొద్ది దూరమే. లారీ ఎక్కించి వందల కిలోమీటర్లు తీసుకెళ్ళేది మొక్కలు కొనే, అమ్మే మనమే. అరెకా పామ్ లాంటి అలంకరణ పామ్‌ల మీద కూడా ఇది హాయిగా బతుకుతుంది.

కాబట్టి కొనేముందు ప్రతి మొక్కకీ కింది మట్టలు తిప్పి చూడండి. ఆకు అడుగున తెల్లటి పొడి చుట్లు చుట్లుగా ఉన్నా, పై ఆకుల మీద జిగురూ నల్లటి మసీ ఉన్నా ఆ లాట్ మొత్తం వదిలేయండి. "కడిగేస్తే పోద్దండీ" అంటారు. నవ్వి ఊరుకోండి.

తెచ్చాక కూడా నేరుగా కొబ్బరి పక్కకి తీసుకెళ్ళకండి. తోటకి దూరంగా నెలరోజులు నీడలో పెట్టండి. వారానికోసారి ఆకు అడుగు చూడండి. దోమ కనపడితే గట్టిగా నీళ్ళతో కడిగి, వేపనూనె సబ్బు నీళ్ళు కొట్టొచ్చు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంవాళ్ళు ఈ దోమ మీద ఐసేరియా అనే మిత్ర శిలీంధ్రాన్ని రైతులకి అందించారు. దోమ పిల్లల్లో గుడ్డు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే సన్న ఈగ కూడా తోటల్లో దానంతట అదే పెరుగుతుంది. పురుగు మందు కొడితే ముందు చచ్చేది ఈ ఈగే. మనం మందు కొట్టం, సరే. కానీ కవరు మట్టిలో నర్సరీవాళ్ళు వేసిన గుళికల మాటేంటి? అడగండి. జవాబు నమ్మకంగా లేకపోతే ఆ నెలరోజులూ కవరు మీద కాస్త ఘనజీవామృతం చల్లి, పలుచగా జీవామృతం పోస్తూ ఉంచి, ఆ తర్వాతే పొలంలో దించండి. నేను అలాగే చేస్తాను.

ఏ ఊరికి ఏ దుబ్బు

ఫోటో చూసి రకం ఎంచుకోవడం రెండో పెద్ద నష్టం. ఆ చెట్టు ఎక్కడిదో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

అరెకా పామ్: కోస్తా జిల్లాల్లో, కొబ్బరి నీడలో చక్కగా వస్తుంది. నేలలో పెడితే ఇరవై అడుగులు దాటుతుంది, కిటికీ కింద పెట్టే మొక్క కాదు. తెలంగాణ, రాయలసీమ ఎండకి ఆకు పసుపెక్కుతుంది. ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళకి ఆకు కొనలు మాడతాయి. ముందు నీళ్ళ పరీక్ష చేయించండి.

మెకార్థర్ పామ్: న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా అడవులది. తడి, కొంచెం నీడ ఇష్టం. కాలవ గట్టున, అరటి పక్కన బాగుంటుంది. ఎర్రటి పళ్ళకి పిట్టలొస్తాయి.

రాపిస్: దక్షిణ చైనా వైపుది. ఆరు నుంచి పదడుగుల లోపే ఉంటుంది. పూర్తి నీడలో పెరుగుతుంది, ఎండలో ఆకు వెలిసిపోతుంది. నిదానంగా పెరుగుతుంది కాబట్టే రేటు ఎక్కువ. దీన్ని మాత్రం దుబ్బు విడదీసి నాటుకోవచ్చు. ఒక మంచి దుబ్బు కొంటే కొన్నేళ్ళకి మీ దగ్గరే నాలుగవుతాయి.

దుబ్బు ఫిష్‌టెయిల్: మన ఏజెన్సీ జీలుగు చెట్టుకి చుట్టం. ఒక్కో కాండం పై నుంచి కిందికి గెలలు వేసి, అది అయ్యాక చచ్చిపోతుంది. తెగులని భయపడకండి, ఆ కాండం కోసేస్తే పక్క పిలక లేస్తుంది. కానీ దీని పళ్ళ రసం తగిల్తే విపరీతమైన దురద. పిల్లలు తిరిగే ఫామ్‌స్టేలో పెట్టొద్దని నా గట్టి మాట.

ఎర్ర పామ్: అందరూ మోజుపడేది ఇదే. మలేసియా, సుమత్రా, బోర్నియోల్లో బురద అడవుల చెట్టు. వేరు ఎండకూడదు, గాలి పొడిగా ఉండకూడదు, చలి అసలే పడదు. హైదరాబాద్ దగ్గర ఒక రిసార్టులో వరసగా పెట్టినవి సంక్రాంతి దాటేసరికి గోధుమ రంగులోకి తిరగడం చూశాను. కోనసీమలో చెరువు పక్కనైతే ప్రయత్నించొచ్చు. మిగతాచోట్ల ఆ డబ్బుతో ఆవుకి పాక వేయండి.

ఇక మన చిట్టి ఈత ఉంది. ఇసుక నేలల్లో, గుట్టల మీద నీళ్ళు పోసేవాళ్ళు లేకుండా దుబ్బు కట్టి పెరుగుతుంది. ముళ్ళుంటాయి కాబట్టి నడిచే దారి పక్కన వద్దు, కంచె వరసకి మాత్రం మేలు. అడవిలో తవ్వకండి, గింజలు ఏరి మొలకెత్తించండి. నర్సరీల్లో దీన్ని అడిగేవాళ్ళే లేరు. అడగడం మనమే మొదలుపెట్టాలి.

పక్క చేను మందు గాలి ఆపాలనుకునేవాళ్ళకి ఒక మాట. పామ్ వరస ఒక్కటే చాలదు. ఆకుల మధ్య సందులెక్కువ, కింద ఖాళీ. గిరిపుష్పం, వెదురు కలిపి రెండు వరసలుగా పెడితేనే అడ్డు.

నాటేటప్పుడు

జూన్, జులైలో నేల వెచ్చగా, తడిగా ఉన్నప్పుడు పామ్ వేరు త్వరగా పట్టుకుంటుంది. నేలలోంచి తవ్వి గోనెపట్టా చుట్టిన మొక్కైతే, తవ్విన వెంటనే తీసుకోకండి. నర్సరీలోనే ఉండి ఒక కొత్త ఆకు వదిలాక తీసుకోండి. కవరులో ఎంత లోతులో ఉందో నేలలోనూ అంతే, మొదలు పూడ్చకండి. పూడిస్తే కుళ్ళుతుంది, పిలక పైకి రాదు.

ఎడం ఐదడుగులు పెట్టండి. వంద అడుగుల హద్దుకి 21 మొక్కలు చాలు. రెండడుగుల ఎడంలో పెట్టమని కాంట్రాక్టర్ చెప్తే 51 మొక్కలు. ఆ ముప్ఫై మొక్కల డబ్బు ఎవరి జేబులోకి పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సగం పండిన మట్టలు కోయకండి. ముసలి ఆకులోని పొటాష్‌ని చెట్టు కొత్త ఆకుకి లాక్కుంటుంది. పూర్తిగా ఎండాకే కోసి మొదట్లో పరవండి.

"మొదటి రోజే నిండుగా కనపడాలి కదండీ, వచ్చేవాళ్ళు ఫోటోలు దిగాలి కదా" అని చాలామంది అంటారు. ఆ మాట కాదనను. దానికి ఆరడుగుల గుంపు మొక్కే అక్కర్లేదు. ఆ ఐదడుగుల ఎడంలో మొదటి రెండేళ్ళు అరటి, మెట్టతామర, పసుపు వేయండి. నిండుగా ఉంటుంది, చిన్న పామ్‌కి నీడ దొరుకుతుంది, గెల కూడా మీకే. పామ్ పిలకలు లేచేసరికి అరటి తప్పుకుంటుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఊళ్ళో కాసిన అరెకా చెట్టు ఉంటే పండిన గింజలు తాజాగా ఏరి, గుజ్జు కడిగి, కవరుకి ఒకటే వేయండి. నెలన్నర నుంచి మూడు నెలల్లో మొలుస్తాయి. గుళికలు లేని మట్టిలో పెరిగిన, పిలక వేసిన మొక్క అని చెప్పి తోటి రైతుకి అమ్మితే, నేనైతే ఆరడుగుల దానికంటే ఎక్కువ ఇచ్చి కొంటాను. అలాంటి మొక్కలు పెంచేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చే వీడియో మీ దగ్గరే తీద్దాం.