రెంటికీ చెడ్డ రేవడి

సావనీరుకి ఆటల మీద ఏదో ఒకటి రాసివ్వమన్నారు సంపాదక మిత్రులు. 'ఏదో ఒకటి' అంటే వాళ్ళ ఉద్దేశం నాకు తెలుసు. క్రీడాస్ఫూర్తి గురించి నాలుగు మాటలు, ఆరోగ్యమే మహాభాగ్యమని ఒక మాట, చివర్న మనవాళ్ళు తెచ్చిన కప్పుల జాబితా. ఏటా ఎవరో ఒకరు అదే రాస్తున్నారు. పక్కన జట్టు ఫొటో వేస్తున్నారు. ఈసారి ఫొటోలో ఎడమనుంచి నాలుగో మనిషిని నేను. కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నది కూడా నేనే. ఎందుకు దాచుకున్నానో చెప్తాను. కప్పుల సంగతి ఇంకెవరైనా రాస్తారు.

వాలీబాల్లో నేను సెట్టర్ని. వచ్చిన బంతిని పదివేళ్ళ కొసలతో అందుకుని, కొట్టే అమ్మాయికి అనువుగా పైకి లేపడం నా పని. చూసేవాళ్ళకి కొట్టినమ్మాయే కనిపిస్తుంది, లేపినమ్మాయి కనిపించదు. అందుకు నాకేం బాధ లేదు. ఎందుకంటే నా రెండో పనికీ అదే గతి. నేను మృదంగం నేర్చుకుంటున్నాను. కచేరీలో జనం మెచ్చుకునేది పాడేవారిని. పక్కన కూచుని ఆ పాటను మోసేవాణ్ణి ఎవడు చూస్తాడు? రెండూ ఒకే జాతి పనులు, రెండూ వేళ్ళతో చేసే పనులు. చిక్కంతా వేళ్ళ దగ్గరే వచ్చింది.

ఇంటర్ రెండో సంవత్సరంలో జిల్లా పోటీలప్పుడు బ్లాకుకి ఎగిరితే బంతి వచ్చి నా కుడి ఉంగరంవేలి కొసన సూటిగా తగిలింది. వేలు వాచి వంకాయంత అయింది. మృదంగం తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. 'నం' అనే అక్షరం పలకాలంటే చూపుడువేలు అంచుమీద కొట్టేటప్పుడు ఉంగరంవేలు నడిమి నల్లమచ్చ దగ్గర ఆనీ ఆననట్టు ఆనాలి. ఆనకపోతే నాదం పలకదు. గట్టిగా ఆనిందా, ఉన్న నాదమూ చస్తుంది. సరిగ్గా ఆ వేలే పోయింది.

మా నాన్న ఆసుపత్రి అరుగుమీదే మొదలెట్టాడు. "ఏటమ్మా, చదువొకటి, బంతొకటి, మద్దెలొకటీనా? రెంటికి చెడ్డోడే రేవడి. నువ్వు మూటికి చెడతావు" అన్నాడు. విజయనగరంలో మా మాస్టారు మాత్రం కట్టు కట్టిన వేలు పట్టుకు చూసి, "నోరు బాగానే ఉంది కదా, జతులు నోటితో చెప్పు" అన్నారు. మూడు వారాలు నోటితోనే చెప్పాను. ఆ మూడు వారాల్లో నాకొక సంగతి తెలిసింది. తెల్లారుజామున అయిదింటికి మెలకువ వచ్చేది, కోర్టుకి పోలేక ఏడుపొచ్చేది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ మృదంగం మూలన చూసి మళ్ళీ ఏడుపొచ్చేది. ఏదో ఒకటి తేలిపోతుందేమోనని ఎదురుచూశాను. తేలలేదు.

అప్పుడే కాలేజీ ఎంచుకోవలసిన వేళ వచ్చింది. గోదావరి దాటాక ఉన్న ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు మా కోచ్ ద్వారా కబురు పెట్టారు. సీటు ఉచితం, హాస్టలు ఉచితం, బూట్లూ బట్టలూ వాళ్ళవే, చెక్క నేల ఉన్న ఇండోర్ కోర్టు. మా ఇంటిల్లిపాదీ దండం పెట్టుకున్నారు. నేను ఫోనులో ఒక్క ప్రశ్న అడిగాను: "సాయంత్రాలు ఒక గంట హాస్టల్లో మృదంగం సాధన చేసుకోవచ్చాండీ?" అవతలాయన పెద్దగా నవ్వేశాడు. "ఆడ్డానికొస్తున్నావా, కచేరీ చెయ్యడానికా?" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పాపం, అలాంటి ప్రశ్న ఆయన్ని అంతకు ముందెవరూ అడిగి ఉండరు. కానీ ఆ నవ్వుతోనే నా మనసు తేలిపోయింది.

ఇక్కడికి వచ్చాను. ఇక్కడ మట్టి కోర్టు. వాన పడితే రెండురోజులు ఆట లేదు. నెట్టు మధ్యలో జారిపోతే చున్నీతో కట్టి ఆడిన రోజులున్నాయి. మెస్ బిల్లు మా ఇంటినుంచే రావాలి. మొదటి ఏడాది అమ్మ గాజులు ఎక్కడికి వెళ్ళాయో నేనడగలేదు, తను చెప్పలేదు. అయితే ఆదివారం పొద్దున్న బస్సెక్కితే విజయనగరం పోయి పాఠం చెప్పించుకుని రాత్రి హాస్టలు గేటు వెయ్యకముందే తిరిగి రావచ్చు. నేను ఈ కాలేజీని ఎంచుకున్నది ఆ బస్సు కోసం. ఇన్నాళ్ళూ ఎవరడిగినా "మంచి పేరున్న కాలేజీ కదండీ" అని చెబుతూ వచ్చాను. ఇవాళ నిజం చెప్పేశాను.

ఈమధ్య బిల్ బ్రాడ్లీ అనే అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడి గురించి చదివి ఉలిక్కిపడ్డాను. హైస్కూలు చదువు ముగిసేసరికి ఆయన్ని ఎగరేసుకుపోవడానికి డెబ్భై పైచిలుకు కాలేజీలు పోటీపడ్డాయట. డ్యూక్ విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్పు ఇస్తానంటే సరేనన్నాడు. 1961 వేసవిలో బేస్‌బాల్ ఆడుతుంటే పాదం ఎముక విరిగింది. మంచమ్మీద పడుకుని, ఆటే లేకపోతే నేనెవర్ని అని ఆలోచించాడు కాబోలు. విదేశాంగ వ్యవహారాల వంటి ప్రభుత్వోద్యోగాలకు ప్రిన్స్‌టన్‌లో మంచి తర్ఫీదు దొరుకుతుందని, డ్యూక్ వదిలి అక్కడ చేరాడు. ప్రిన్స్‌టన్ ఉన్న ఐవీ లీగులో ఆటకోసం స్కాలర్‌షిప్పులివ్వరు. అయినా 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం తెచ్చుకున్నాడు. 1965లో తన కాలేజీని జాతీయ పోటీల సెమీఫైనల్సు దాకా తీసుకెళ్ళాడు. రోడ్స్ స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డు వెళ్ళి చదువుకుని వచ్చి, పదేళ్ళు న్యూయార్క్ నిక్స్‌కి ఆడి, 1979 నుంచి 1997 దాకా సెనేటరుగా ఉన్నాడు. ఆయన పాదం, నా వేలు! పోలిక అంతవరకే లెండి.

ఆ వ్యాసం చదివి పొంగిపోయి మా నాన్నకి ఫోను చేసి చెప్పాను. అంతా విని, "వాళ్ళ నాన్నేటి చేసేవాడు?" అన్నాడు. వెతికి చూస్తే ఆయన ఊళ్ళో బాంకుకి అధ్యక్షుడు. మా నాన్న ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. స్కాలర్‌షిప్పు కాదనుకుని తనకిష్టమైన చోట చేరగలిగినవాడి వెనక ఒక బాంకుంది, లేదా ఒక అమ్మ గాజులున్నాయి. రెండూ లేనివాళ్ళ మాటేమిటి?

నాతో ఇంటర్‌లో ఆడిన స్పైకర్ ఒకర్తె ఆ గోదావరి అవతలి కాలేజీలోనే చేరింది. నాకంటే బీదరాలు. తనకి వేరే దారి లేదు, అందుకని తన ఎంపికని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను దక్షిణ మండలం పోటీల దగ్గరే ఆగిపోతే తను అఖిల భారత పోటీలాడింది. ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం. తన మొదటి జీతం సంగతి విన్నరోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసూయే, దాచుకోను. తను ఇంటర్‌లో ఎంత బాగా బొమ్మలు వేసేదో! మా కెమిస్ట్రీ రికార్డులన్నిటికీ పటాలు తనే గీసిపెట్టేది. మొన్న కలిసినప్పుడు అడిగితే, "ఎక్కడే, రాత్రి తొమ్మిదికి లైట్లార్పేసేవారు. పెన్సిలు పట్టి నాలుగేళ్ళయింది" అని నవ్వేసింది. తను నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు.

ఇక నా గొప్ప కూడా చెప్పుకోవాలి కదా. రెండో సంవత్సరంలో జట్టు శిక్షణ శిబిరం పదిరోజులు పెట్టారు. ఏడోరోజున నా సంగీతం సర్టిఫికెట్ పరీక్ష. ఒక్కరోజు సెలవడిగాను. పి.డి. గారు వీల్లేదన్నారు. "సెట్టర్ లేకపోతే మిగతా అయిదుగురూ ఎవరి మొహం చూసి ఎగురుతారు? ఇంతకీ నువ్వు ఆటగత్తెవా, మద్దెలగత్తెవా?" అని అందరి ముందూ అడిగారు. నేను చెప్పకుండా వెళ్ళిపోయాను. పరీక్ష రాసి, వాయించి, రాత్రి బస్సుకి వచ్చి తెల్లారేసరికి కోర్టులో నిలబడ్డాను. ఆ పోటీలన్నీ బెంచిమీద కూచుని చూశాను. రెండో మాచ్‌లోనే ఓడిపోయి ఇంటికొచ్చాం. ఇద్దరు అమ్మాయిలు నెలరోజులు నాతో మాట్లాడలేదు.

పి.డి. గారు ఆరోజు అడిగిన దాంట్లో మొదటి సగం న్యాయమే. ఆరుగురి ఆటలో ఒకరు మాయమైతే మిగిలినవాళ్ళు చెల్లించుకోవాలి. చెప్పకుండా వెళ్ళడం నా తప్పు. కానీ రెండో సగం ఉందే, అది నాకిప్పటికీ మింగుడుపడదు. అదే శిబిరంలో ఒకమ్మాయికి సప్లిమెంటరీ పరీక్షుంటే ఒకపూట వదిలారు. ఇంకొకరు అక్క పెళ్ళికి రెండురోజులు వెళ్ళొచ్చారు. చదువుకి సెలవుంది, పెళ్ళికి సెలవుంది. మనిషి తనంతట తాను ఇష్టపడి నేర్చుకునే విద్యకి మాత్రం లేదు. టోర్నమెంటుకి వెళ్తే హాజరు వేస్తారు, సంగీతం పరీక్షకి వెళ్తే గైర్హాజరు వేస్తారు. ఆడపిల్లకి మృదంగమేమిటన్న గొణుగుడు కూడా అందులో కొంత ఉంది. మృదంగ విదుషి దండమూడి సుమతీ రామమోహనరావుగారు 2021లో పద్మశ్రీ అందుకున్నారని చెబితే, "ఆవిడ వాలీబాల్ ఆడలేదుగా" అన్నారొకరు. ఆ జవాబుకి నాకూ నవ్వొచ్చింది.

ఇదేదో మన దగ్గరి జబ్బే అనుకోకండి. 2008లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో మైరన్ రోల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. రోడ్స్ స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూ, మేరీలాండ్‌తో మాచ్ ఒకేరోజు పడ్డాయి. కాలేజీవాళ్ళు ఒప్పుకున్నారు; ఇంటర్వ్యూ ముగించుకుని విమానంలో వచ్చి సగం ఆటలో కలిశాడు. కాలేజీ మెచ్చుకుంది. కానీ ఆక్స్‌ఫర్డులో ఏడాది చదివి వచ్చాక, "ఇతనికి ఆటమీద మనసుందా?" అని వృత్తి జట్లు సందేహించాయి. 2010లో ఆరో రౌండులో గాని ఎవరూ తీసుకోలేదు. తర్వాత ఆయన మెదడు శస్త్రవైద్యుడయ్యాడు. పి.డి. గారి ప్రశ్న ఇంగ్లీషులో కూడా ఉందన్నమాట!

అయితే వాళ్ళ దగ్గర ఒక లెక్కుంది. 1991 నుంచీ కాలేజీ ఆటగాళ్ళ సాధన, ఆట అన్నీ కలిపి వారానికి ఇరవై గంటలు మించకూడదు, రోజుకి నాలుగు దాటకూడదు, వారంలో ఒకరోజు సెలవు. ఆ లెక్కలో కంతలు లేకపోలేదు. మాచ్‌రోజు ఎంతసేపు పట్టినా మూడు గంటలే రాస్తారు. ప్రయాణాలూ, దెబ్బలకి కట్టుకట్టించుకునే సమయమూ అసలు లెక్కకే రావు. విశాఖకు చెందిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి టెన్నిసాడుతూ చదువుకున్నది ఈ లెక్క కిందే. 2014 ఏషియాడ్‌లో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం తెచ్చాడు. కంతలున్నా సరే, కాగితం మీద ఒక హద్దుంటే దాన్ని చూపించి అడగొచ్చు. మనకి చూపించడానికి ఏముంది?

నేనడిగేది పెద్దదేం కాదు. శిబిరాల తేదీలు ఏడాది మొదట్లోనే గోడమీద అంటించండి. మాకు ఆటతోపాటు ఇంకే విద్య ఉందో చేరినప్పుడే రాయించుకోండి. దాని పరీక్షకి ఒక్కరోజు సెలవివ్వండి, ఆరోజుకి హాజరు వెయ్యండి. ఆ ఒక్కరోజుకి రెండో సెట్టర్ని తయారుచేసుకుంటే జట్టుకీ మంచిదే. నాకు జ్వరమొస్తే మాత్రం ఏం చేస్తారు?

మాస్టారి దగ్గరికి వెళ్ళేటప్పుడు నాకెప్పుడూ ఒక ఆలోచన వస్తుంది. కోడి రామమూర్తి కుస్తీ పట్టిందీ, బడిలో వ్యాయామం నేర్పిందీ విజయనగరంలోనే. 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుడిగా కూచోబెట్టిందీ ఆ విజయనగరమే. ఒకటుంటే ఒకటి ఉండకూడదని ఆ ఊరు అనుకున్నట్టు లేదు.

వేలు ఇప్పటికీ కొంచెం వంకరే. 'నం' పలుకుతుంది, కాకపోతే మాస్టారికి తప్ప తెలియని చిన్న గరుకు. సెట్టింగుకి ఏ అడ్డూ లేదు. ఈ ఏడాది మళ్ళీ మొదటి ఆరుగురిలో ఉన్నాను. ఆ ఇద్దరు అమ్మాయిలూ మాట్లాడుతున్నారు, అందులో ఒకర్తె నా సర్టిఫికెట్ పరీక్ష పాసైనప్పుడు మిఠాయి కూడా అడిగింది.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే మా వీధి చివరి పిల్ల వచ్చింది. ఇంటర్ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది, వాళ్ళ తాత దగ్గర బుర్రకథ నేర్చుకుంది. రెండు కాలేజీలవాళ్ళు పిలుస్తున్నారట. "ఏదాన్లో చేరమంటావక్కా?" అంది. నేను చెప్పలేనన్నాను, వాళ్ళింటి సంగతి నాకు తెలుసు. ఊరికే, "రెండు చోట్లకీ ఫోను చేసి, సాయంత్రం ఒక గంట బుర్రకథ చెప్పుకోవచ్చా అని అడుగు. ఏమంటారో విను. నవ్వుతారేమో అది కూడా విను" అన్నాను. అడిగి చెప్తానంది. ఇంకా ఫోను రాలేదు.