పారావెట్ చదువు: కట్టే ఫీజు, వచ్చే జీతం

2022 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని ఇండియా ఎక్స్‌పో మార్ట్‌లో ప్రపంచ పాడి సదస్సు జరిగింది. 1974 తర్వాత ఆ సదస్సు మన దేశానికి రావడం అదే మొదలు. పాడి మీద ఎనిమిది కోట్లకు పైగా కుటుంబాలు ఆధారపడి ఉన్నాయని ప్రారంభోత్సవంలో ప్రధాని మోదీ చెప్పారు. అవే రోజుల్లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో లంపీ స్కిన్ వ్యాధి ఆవుల్ని బలిగొంటోంది. మేకల మశూచి టీకానే ఆవులకు వేస్తూ డాక్టర్ల వెంట ఊరూరా తిరిగినవాళ్లు పారావెట్లు. ఊళ్లో వాళ్లను కాంపౌండర్ అంటారు, చేయి మంచిదైతే డాక్టరుగారనే పిలుస్తారు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం రాష్ట్రానికో పేరు.

ఆ పేరు కోసం చదివే చదువుకు ఎంత ఖర్చుపెట్టవచ్చు? ఈ ప్రశ్నకు గ్రేటర్ నోయిడాలో ఒక జవాబు, తిరుపతిలో ఇంకో జవాబు వస్తాయి.

ముందు చట్టం సంగతి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యుడిదే. 30వ సెక్షన్ ఒక చిన్న సందు ఇచ్చింది. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు ఆ వైద్యుడి పర్యవేక్షణలో చిన్నపాటి చికిత్సలు చేయవచ్చు. ఆ చికిత్సలు ఏవో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా తేలుస్తుంది. అంటే పారావెట్ బతుకుతెరువు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్‌కు గుర్తింపు పొందిన రెండేళ్ల కోర్సు, దాని తర్వాత ఒక జాతీయ పరీక్ష ఉన్నాయి. ఇక్కడ అలాంటి పరీక్షా లేదు, దేశమంతటికీ చెల్లే రిజిస్టరూ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో దారి కొంత స్పష్టంగా ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పదో తరగతి పాసైనవాళ్లకు రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా నడుపుతోంది. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు విశ్వవిద్యాలయానిదీ అదే పద్ధతి. పదో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు పల్లె బడిలో చదివి ఉండాలన్న నిబంధన ఈ సీట్లకు ఉంటూ వచ్చింది. గేదె ఎదకు వచ్చిందో లేదో అరుపు విని చెప్పగలిగే పిల్లలకు ఈ సీట్లు దక్కాలన్నది దాని ఉద్దేశం. అది న్యాయమే. నోయిడా అపార్టుమెంట్లలో పెరిగిన తెలుగు పిల్లలకు మాత్రం ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

ఇక జీతం. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల కోసం 9,886 పశుసంవర్ధక సహాయకుల పోస్టులు ప్రకటించింది. 2023 చివర్లో మరో 1,896 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మొదటి రెండేళ్లు నెలకు 15,000 రూపాయలు, ప్రొబేషన్ ముగిశాక 22,460-72,810 స్కేలు. తక్కువ ఫీజుతో చదివినవాడికి ఇది గౌరవమైన ఉద్యోగం. కాకపోతే అలాంటి ప్రకటన మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆలోగా డిప్లొమా చేతికొచ్చినవాళ్లకు మిగిలిన దారుల్లో ఒకటి 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం. అందులో ఒక డాక్టరు, ఒక పారావెట్, ఒక డ్రైవరు ఉంటారు. ఆంధ్రలో 2022 మేలో 175 వాహనాలతో మొదలైన ఈ సేవను ఉత్తరప్రదేశ్ 2023 మార్చిలో 520 వాహనాలతో ప్రారంభించింది.

గ్రేటర్ నోయిడాలో లెక్క మారిపోతుంది. ఇక్కడ పని ప్రైవేటు క్లినిక్కుల్లో, కుక్కల, పిల్లుల మధ్య. అక్కడ ఒక పది నిమిషాలు నిలబడితే చాలు, ఈ పని విలువ తెలుస్తుంది. వాంతులతో నీరసించిన లాబ్రడార్‌ను బల్ల మీద పడుకోబెట్టాక, సహాయకుడు ఒక చేత్తో దాని మెడను తన గుండెకు అదుముకుంటాడు. రెండో చేతి బొటనవేలితో ముంగాలి మోచేతి దగ్గర నొక్కి నరం పైకి తేలేలా కొద్దిగా పక్కకు తిప్పుతాడు. ఆ నొక్కు సరిగ్గా లేకపోతే ఎంత చదివిన డాక్టరుకైనా సూది దొరకదు. కుక్క కరిస్తే మొదటి కాటు ఆ సహాయకుడికే.

ఆ చేతికి ఎంత ఇస్తున్నారన్నది యజమాని ఇష్టం. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వం నైపుణ్యం ఉన్న కార్మికుడికి ఖరారు చేసిన కనీస వేతనం నెలకు 22,411 రూపాయలు. గ్రేటర్ నోయిడా ఉత్తరప్రదేశ్‌లో ఉంది, ఇక్కడి రేటు దానికంటే ఎంతో తక్కువ. అద్దెలు మాత్రం రాజధాని పక్కనే ఉన్నామని గుర్తుచేస్తూనే ఉంటాయి.

గ్రేటర్ నోయిడాలోని నాలెడ్జ్ పార్క్ చుట్టూ కాలేజీలకు కొదవలేదు. ప్రైవేటు డిప్లొమాకు ఒక కుర్రాడు ఏడాదికి లక్ష కడతాడనుకుందాం. గది, తిండి కలిపి నెలకు ఎనిమిది వేలు. రెండేళ్లకు మొత్తం 3 లక్షల 92 వేలు. పదిహేను వేల జీతంలో నెలకు ఐదు వేలు మిగిల్చినా పెట్టుబడి వెనక్కి రావడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. అప్పు తెచ్చి ఉంటే వడ్డీ అదనం. నాలుగు బీఘాల పొలం తాకట్టు పెట్టే కుటుంబానికి ఈ లెక్క ముందే ఎవరైనా వేసి చూపించాలి.

అమెరికాలో మాత్రం ఈ వృత్తి సుఖంగా ఉందా? అక్కడి కార్మిక గణాంకాల శాఖ ప్రకారం 2023లో వెటర్నరీ టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 43,740 డాలర్లు, వైద్యులది 1,19,100. గుర్తింపు ఉన్నా అంతరం అంత ఉంది. గుర్తింపు కూడా లేని చోట బేరమాడే బలమే ఉండదు.

పని మాత్రం పెరుగుతూనే ఉంది. 2025 ఆగస్టులో ఢిల్లీ, పరిసర నగరాల వీధికుక్కలను షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు మొదట ఆదేశించింది. పదకొండు రోజులకే ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగిలినవాటికి శస్త్రచికిత్స, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమంది. తీర్పు మీద వాదన దేశమంతా నడిచింది. పట్టుకున్న కుక్క చెవికి గాటు పెట్టి, మత్తు దిగేదాకా కాపలా కాసి, కుట్లు చూసే మనిషి జీతం గురించి ఆ వాదనలో ఎంతమంది మాట్లాడారు?

ప్రమాదం సంగతి అసలు లెక్కలోకే రాదు. 2019 సెప్టెంబరు 11న యమునా ఎక్స్‌ప్రెస్ వే దారిలోని మథురలో గాలికుంటు, బ్రుసెల్లోసిస్ నివారణ కార్యక్రమం మొదలైంది. బ్రుసెల్లా టీకాలో ఉండేది బతికున్న సూక్ష్మజీవే. పెయ్యదూడ కాలు విదిల్చినప్పుడు సూది చేతిలో గుచ్చుకుంటే టీకా వేసేవాడికే ఆ జ్వరం రావచ్చు.

2021లో పార్లమెంటు మనుషుల ఆస్పత్రుల్లోని ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. కోర్సులకు ప్రమాణాలు, పేర్లకు రిజిస్టర్లు అందులో భాగం. పశువుల దగ్గర పనిచేసేవాళ్లు ఆ చట్టం పరిధిలో లేరు. 2019 గణన ప్రకారం 53 కోట్లకు పైగా పశుసంపద ఉన్న దేశంలో ఈ లోటు పూడ్చడానికి ఇంకో వ్యాధి రావాల్సిన పని లేదు. పశువైద్య మండలి చట్టంలోనే ఒక అధ్యాయం చేర్చి, పారావెట్ల రిజిస్టరు తెరవవచ్చు.

అది తెరిచేదాకా, అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబడ్డ తండ్రి అడగాల్సినవి రెండున్నాయి. ఈ డిప్లొమా పేరు ఏ రాష్ట్రం ఉత్తర్వులో ఉంది? గత నియామకాల నోటిఫికేషన్‌లో అర్హతగా అచ్చయిందా? కాగితం చూపించమనాలి. చూపించలేకపోతే, ఎంత పెద్ద క్యాంపస్ అయినా చెక్కు బుక్కు జేబులోనే ఉంచుకుని బస్సెక్కాలి.